మూడు సెంట్ల గనుల షేర్ కొనే ముందు నేను మొదట చూసేది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పెర్త్‌లో ఉంటున్నారు, ఇంటి డిపాజిట్‌కని దాచినదాంట్లో 20,000 డాలర్లు చేతిలో ఉన్నాయి. కల్గూర్లీ దగ్గర బంగారం వెతుకుతున్న ఒక చిన్న కంపెనీ షేర్ 3 సెంట్లకు దొరుకుతోంది. డ్రిల్లింగ్ ఫలితాలు రాగానే పదింతలవుతుందని స్నేహితులు చెబుతున్నారు, పెట్టొచ్చా అని అడిగారు. ఇంటి డబ్బయితే వద్దు. పోయినా ఇంటి ప్లాను కదలదు అనుకునే మొత్తం, అంటే ఏ 2,000 డాలర్లో అయితే, అప్పుడు లెక్క వేసుకుందాం.

నేను విశాఖలో జియాలజీ చదివాను. ఇక్కడికొచ్చాక చాలాకాలం డ్రిల్ రిగ్గు (నేలలోకి రంధ్రం వేసే యంత్రం) పక్కన నిలబడి కోర్, అంటే లోపల్నుంచి తీసిన రాతి కడ్డీ, చూసి రాసుకోవడమే నా ఉద్యోగం. ఇలాంటి షేర్లు కొంటాను కూడా, పనిచేసే కంపెనీవి తప్ప. ఆ అనుభవంతో చెబుతున్నాను: నేల కింద ఏముందో రిగ్గు దిగేదాకా నాకూ తెలియదు, ఆ కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్‌కీ తెలియదు. వాళ్ల బ్యాంకులో ఎంతుందో మాత్రం ఎవరైనా చూడొచ్చు. నేను అక్కడే మొదలుపెడతాను.

ఏఎస్‌ఎక్స్‌లో, అంటే ఆస్ట్రేలియా షేర్ మార్కెట్‌లో, ఉన్న అన్వేషణ కంపెనీలు మూడు నెలలకోసారి అపెండిక్స్ 5బి అనే నగదు లెక్క ఇవ్వాలి. అందులో ఎనిమిదో భాగం ముందు చూడండి. ఇప్పటి వేగంతో ఖర్చుపెడితే ఉన్న డబ్బు ఇంకెన్ని త్రైమాసికాలు వస్తుందో అక్కడ ఉంటుంది. అది రెండు లోపు అయితే, మిగతా డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారో కంపెనీ అక్కడే జవాబు రాయాలి. ఆరో భాగంలో డైరెక్టర్లకు, వాళ్ల సంబంధీకులకు వెళ్లిన సొమ్ము కనిపిస్తుంది. అన్వేషణ ఖర్చును కొన్ని కంపెనీలు మొదటి భాగంలో, కొన్ని రెండో భాగంలో చూపిస్తాయి కాబట్టి రెండూ కలుపుకోవాలి. ఆ మొత్తం కంటే ఆఫీసు ఖర్చులు, జీతాలు ఎక్కువగా ఉంటే నేను ఆ కంపెనీని పక్కన పెట్టేస్తాను.

దీనికింత పట్టింపు ఎందుకంటే, గని లేని కంపెనీకి అమ్ముకోవడానికి బంగారం ఉండదు, కొత్త షేర్లే ఉంటాయి. ఇక్కడి నిబంధనల ప్రకారం ఏడాదిలో 15 శాతం దాకా కొత్త షేర్లు వాటాదారుల్ని అడక్కుండానే ఇవ్వొచ్చు. వార్షిక సమావేశంలో అనుమతి తీసుకుంటే చిన్న కంపెనీలు ఇంకో 10 శాతం ఇవ్వొచ్చు. ఇక ప్రత్యేకంగా ఓటింగ్ పెడితే ఎంతైనా. మీ కంపెనీకి 20 కోట్ల షేర్లున్నాయనుకోండి. 3 సెంట్ల చొప్పున విలువ 60 లక్షల డాలర్లు. బంగారం దొరికేలోపు నాలుగైదుసార్లు డబ్బు సేకరించి షేర్లు 80 కోట్లయ్యాయి. తర్వాత మీ స్నేహితులు చెప్పినట్టే కంపెనీ విలువ పదింతలై 6 కోట్ల డాలర్లకు చేరింది. మీ షేర్ ఏడున్నర సెంట్లు. కంపెనీ పదింతలైతే మీ చేతికొచ్చేది రెండున్నరింతలు. ఇది అంతా మంచే జరిగితే వచ్చే లెక్క.

నేను పనిచేసిన ఒక చోట బంగారం ఉన్న క్వార్ట్జ్ రాతి పొర చక్కగా తగులుతోంది, ఒక్కో రంధ్రం లోతుకు వెళ్లేకొద్దీ గ్రేడ్, అంటే టన్ను రాయిలో ఉన్న బంగారం, కూడా నిలబడింది. డబ్బయిపోయి రిగ్గు వెనక్కి వెళ్లిపోయింది. తర్వాత సగం ధరకు కొత్త షేర్లు ఇచ్చారు, ఆపై మరోసారి. చివరికి పక్క కంపెనీ ఆ నేలను చవగ్గా కొనుక్కుంది. మా జియాలజీ తప్పని ఎవరూ అనలేదు. మొదట్నుంచీ నమ్మి పట్టుకున్న చిన్న వాటాదారులకు దక్కింది మాత్రం చాలా తక్కువ. అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

డ్రిల్లింగ్ ఫలితాల గురించి ఒక్క మాట. 40 మీటర్ల పొడవునా సగటున టన్నుకు 2 గ్రాముల బంగారం అని శీర్షిక వస్తే కింద ‘ఇందులో’ అని ఉన్న లైను చదవండి. అందులో ఒక్క మీటరు 75 గ్రాములుంటే మిగతా 39 మీటర్ల సగటు 0.13 గ్రాములే, అంటే దాదాపు ఖాళీ రాయి.

లోహం నిజంగా ఉన్నా షేర్ నిలబడుతుందన్న హామీ లేదు. లావర్టన్ దగ్గరి విండారాలో నికెల్ దొరికిన పొసైడన్ అనే కంపెనీ షేర్ 1969 సెప్టెంబరులో 80 సెంట్లుండేది. 1970 ఫిబ్రవరికి 280 డాలర్లకు ఎక్కి, తర్వాత కుప్పకూలింది. అక్కడ నికెల్ ఉన్నది నిజమే, తర్వాత గని కూడా నడిచింది. మన కళ్ల ముందే చాలిస్ మైనింగ్ అనే కంపెనీ ఉంది. పెర్త్‌కు 70 కిలోమీటర్ల దూరంలో జులిమార్ దగ్గర 2020 మార్చిలో పల్లాడియం, నికెల్ తగిలాయి. 20 సెంట్ల లోపున్న షేర్ 2021 చివర్లో 9 డాలర్లు దాటింది. లోహాల ధరలు పడ్డాక 2024లో డాలరు చుట్టుపక్కలకు దిగింది. 9 డాలర్లకు కొన్నవాళ్లు కూడా నిజమైన ఖనిజాన్నే కొన్నారు. అందుకే నేను కొన్నది రెట్టింపు కాగానే సగం అమ్మి అసలు వెనక్కి తీసుకుంటాను, వార్త ఎంత బాగున్నా సరే. మిగతా సగంతో ఎంతకాలమైనా ఆగగలను.

అమ్మడం కూడా అనుకున్నంత తేలిక కాదు. మీ షేర్‌కు కొనేవాళ్లు 2.8 సెంట్ల దగ్గర, అమ్మేవాళ్లు 3.1 దగ్గర ఉంటే, కొన్న నిమిషంలోనే దాదాపు పదో వంతు పోయినట్టు. కొనేవాళ్ల వరసలో ఎన్ని షేర్లకు ఆర్డర్లున్నాయో చూడండి. 3 సెంట్ల చొప్పున 20,000 డాలర్లంటే ఆరున్నర లక్షల షేర్లకు పైనే, కొన్ని కంపెనీల్లో అంత మొత్తం తీసుకునేవాళ్లు వారమంతా కనబడరు.

నగదు లెక్క త్రైమాసికం ముగిసిన నెలలోపు రావాలి, అంటే జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలాఖర్లకు. ఆ వారాల్లో ట్రేడింగ్ ఆపి, కొత్త షేర్ల ప్రకటన చేసే కంపెనీలు చాలా ఉంటాయి. మీ కంపెనీ లెక్క వచ్చేదాకా ఆగండి. వచ్చాక ఎనిమిదో భాగంలోని ఆ ఒక్క సంఖ్య ఇక్కడ రాయండి, మిగతాది కలిసి చూద్దాం.