అక్కయ్య జవాబులు: ‘అది లండన్ చూసుకోవాలి’

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. నాది గాజువాక. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి వేల్స్‌లో, స్వాన్సీలో నర్సు. మొన్న ఒక వీడియో పంపింది. అక్కడి ప్రతిపక్ష నాయకుడు లేచి ఉద్యోగాలు, ఆస్పత్రి క్యూలు, రైళ్ల డబ్బులు అంటూ ముఖ్యమంత్రిని వరసగా అడుగుతున్నాడు. ఆవిడ ఏదో చెప్పి కూర్చుంది. ఎవరూ పోడియం దగ్గరికి రాలేదు, వాకౌట్ చేయలేదు. ఇలా అడిగితే ఎవరికైనా ఏమైనా ఒరుగుతుందా? వేల్స్‌లోనే ఉన్న పోర్ట్ టాల్బట్‌లో టాటా వాళ్ల బ్లాస్ట్ ఫర్నేసులు ఆర్పేసినప్పుడు ఈ ప్రశ్నలు ఏం చేశాయి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తమ్ముడూ, నేను వేల్స్ రాజధాని కార్డిఫ్ వచ్చి ఇరవై నాలుగేళ్లు. అందులో పంతొమ్మిదేళ్లు ఒక కౌన్సిల్ ఆఫీసులో లెక్కల సెక్షన్‌లో చేశాను. ఇక్కడ అరవై నిండినవాళ్లకి బస్సు ఉచితం. చలికాలంలో ఇంట్లో హీటర్ వేసుకుని బిల్లు చూసి టెన్షన్ పడే బదులు, బస్సెక్కి బే దగ్గరున్న సెనెద్‌కి వెళ్లి గ్యాలరీలో కూర్చుంటాను. సెనెద్ అంటే వేల్స్ శాసనసభ. లోపల వెచ్చగా ఉంటుంది, టికెట్ లేదు. మా ఆయన దీన్ని ‘నీ మ్యాట్నీ’ అంటారు.

మీరు చూసింది మంగళవారం మ్యాట్నీయే అయి ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మొదలవుతుంది. ఇక్కడి ముఖ్యమంత్రిని ఫస్ట్ మినిస్టర్ అంటారు. 2025లో ఆ పదవిలో ఉన్నది లేబర్ పార్టీకి చెందిన ఎలినెడ్ మోర్గాన్. ముందుగా రాసిచ్చిన ప్రశ్నలు ఒకటి రెండు అయ్యాక అప్పటి కన్సర్వేటివ్ నాయకుడు డారెన్ మిల్లర్, ఆ తర్వాత వేల్స్ ప్రాంతీయ పార్టీ ప్లైడ్ కమ్రీ నాయకుడు రీన్ అప్ యోర్వెర్త్ లేచేవారు. వీళ్లు ఏం అడగబోతున్నారో ముందుగా చెప్పక్కర్లేదు. తలా మూడు ప్రశ్నలు. సభ్యులు గుండ్రంగా కూర్చుంటారు, కంప్యూటర్లు ముందుంటాయి. వెల్ష్ భాషలో మాట్లాడితే మనం హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇంగ్లీషులో వినొచ్చు.

ఇన్నాళ్లు విన్నాక నాకు అర్థమైంది ఒకటుంది. ఇక్కడి ప్రభుత్వానికి దొడ్డిదారి ఒకటే. దాని పేరు ‘అది లండన్ చూసుకోవాలి’. లండన్ అంటే బ్రిటన్ కేంద్ర ప్రభుత్వం. వైద్యం, చదువు, కౌన్సిళ్లు కార్డిఫ్ చేతిలో ఉన్నాయి. పోలీసులు, కోర్టులు, పింఛన్లు, రైలు పట్టాలు చాలావరకు లండన్ చేతిలో. (మన దగ్గర పోలీసులు రాష్ట్రం కింద ఉంటారు కదా, నాకు ఇది అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది.) ఖర్చుపెట్టే డబ్బులో ఎక్కువ భాగం లండన్ నుంచే వస్తుంది. కాబట్టి ఏది అడిగినా సగం జవాబు సిద్ధంగా ఉంటుంది. మంచి ప్రశ్న అంటే ఆ దొడ్డితలుపుకి ముందే గొళ్లెం పెట్టి అడిగేది.

ఆస్పత్రులనే తీసుకోండి. 1999లో ఈ సభ పుట్టినప్పటి నుంచీ వైద్యం దీని చేతిలోనే ఉంది, ప్రభుత్వమూ అప్పటినుంచీ 2025 దాకా లేబర్ నాయకత్వంలోనే నడిచింది. మిల్లర్ అందుకే మాటిమాటికీ వెయిటింగ్ లిస్టుల దగ్గరికే వచ్చేవాడు. 2024 చివరికి ఆ లిస్టు 8 లక్షలు దాటింది. వేల్స్ జనాభా 31 లక్షల పైన. వినగానే గుండె గుభేలుమంటుంది. అయితే అందులో ఉన్నవి మనుషుల సంఖ్య కాదు, కేసుల సంఖ్య. నా సంగతి చెబుతాను. నా మోకాలు ఒక లిస్టులో ఉంది, కుడికంటి శుక్లం ఇంకో లిస్టులో ఉంది. మనిషిని ఒక్కదాన్నే, లెక్కలో ఇద్దరిని. ప్రభుత్వం ఈ సంగతి గుర్తుచేస్తుంది, అది న్యాయమే. కానీ మోకాలి కోసం పెద్దాస్పత్రికి రాసి యాభై ఏడు వారాలైంది. ఇక్కడి గడువు 26 వారాలు, ఇంగ్లండ్‌లో 18. మధ్యలో ‘మీకు ఇంకా వైద్యం కావాలా?’ అని ఒక ఉత్తరం వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో నేను మాట్లాడిన తెలుగు ఈ పత్రిక అచ్చు వేయదు.

అడిగితే ఏమైంది అంటారా? రెండేళ్లకు మించి ఎదురుచూసే కేసులు 2022లో దాదాపు 70 వేలు ఉండేవి. వారం వారం అదే అంకె సభలో వినిపించింది. చివరికి 2025 మార్చికల్లా 8 వేలకు దించుతామని ప్రభుత్వం మాటిచ్చింది. గడువుకి 8 వేలు దాటి కొన్ని వందల దగ్గర ఆగింది. మాట తప్పారని ప్రతిపక్షం, ఎక్కడి నుంచి ఎక్కడికి దించామో చూడండని ప్రభుత్వం. రెండూ నిజాలే. ఆ అంకెకి తేదీ పెట్టించింది మాత్రం ఆ మంగళవారాలేనని నా నమ్మకం.

ఇక మీ ఫర్నేసులు. పోర్ట్ టాల్బట్‌లో ఐదో నంబరు బ్లాస్ట్ ఫర్నేస్ 2024 జులైలో ఆగింది, నాలుగోది సెప్టెంబర్ 30న. మీకు నేను చెప్పాలా, ఆ మంట ఆరితే ఊరికి ఎలా ఉంటుందో. బ్రిటన్ మొత్తం మీద 2,800 ఉద్యోగాలు పోతాయని కంపెనీయే చెప్పింది. బదులుగా 125 కోట్ల పౌండ్లతో ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ (కరెంటుతో తుక్కు ఉక్కు కరిగించే కొలిమి) పెడుతున్నారు, అందులో 50 కోట్లు బ్రిటన్ ప్రభుత్వానివి. 2025 జులైలో పునాది పనులు మొదలయ్యాయి. 2027 చివరికో 2028 మొదట్లోనో నడుస్తుందంటున్నారు.

ఈ ఒప్పందం లండన్, కంపెనీ కలిసి చేసుకున్నది. కార్డిఫ్ ప్రభుత్వం చేయగలిగింది పని పోయినవాళ్లకి కొత్త శిక్షణ, కౌన్సెలింగ్ లాంటివి. దాన్ని ప్రతిపక్షం ఎంత అడిగినా ఫర్నేస్ వెలగదు. మీకిది కొత్త కాదు. ప్లాంటు అమ్మకం వద్దని 2021 మేలో మన శాసనసభ తీర్మానం చేసింది, నిర్ణయం మాత్రం ఢిల్లీది.

కానీ ఒక ప్రశ్న బాగా గుచ్చుకుంది. 2025 ఏప్రిల్ 12న, శనివారం పూట, బ్రిటన్ పార్లమెంటును సెలవుల్లోంచి పిలిపించి ఒక్కరోజులో చట్టం చేసి స్కంథార్ప్‌లోని ఉక్కు కర్మాగారాన్ని ప్రభుత్వం తన అదుపులోకి తీసుకుంది. స్కంథార్ప్ ఇంగ్లండ్‌లో ఉంది. ప్లైడ్ వాళ్లు అడిగింది ఇదే: అక్కడ ఒక్క శనివారంలో అయింది, పోర్ట్ టాల్బట్‌కి ఎందుకు కాలేదు? అప్పటికి లండన్‌లో 2024 జులై నుంచి లేబరే, కార్డిఫ్‌లోనూ లేబరే. పాత ఒప్పందం కన్సర్వేటివ్‌ల కాలంలో మొదలైందని, మేం వచ్చేసరికే చేయి దాటిపోయిందని ప్రభుత్వం వైపు జవాబు. అందులో కొంత నిజముంది. అయినా పోర్ట్ టాల్బట్ బస్టాపులో ఆ జవాబు చెప్పి చూడమనండి.

రైళ్ల డబ్బు కథా ఇదే. హెచ్‌ఎస్2 అని ఇంగ్లండ్‌లో కొత్త రైలు మార్గం కడుతున్నారు. ఒక్క మైలు కూడా వేల్స్‌లో లేదు, కానీ లెక్కల్లో దాన్ని ‘ఇంగ్లండ్, వేల్స్ ప్రాజెక్టు’ అని రాశారు. ఇంగ్లండ్ ప్రాజెక్టు అని రాసి ఉంటే వేల్స్‌కి విడిగా వాటా వచ్చేది, ఇలా రాయడంతో అది రాలేదు. లెక్కల సెక్షన్‌లో ఇలాంటి పద్దు రాసి ఉంటే మా బాస్ కాగితం నా మొహాన కొట్టేవాడు. లండన్‌లో కన్సర్వేటివ్‌లు ఉన్నప్పుడు లేబర్ వాళ్లు దీనిమీద గట్టిగా మాట్లాడారు. సొంత పార్టీ గెలిచాక గొంతు మెత్తబడింది. రీన్ అప్ యోర్వెర్త్ ఆ మెత్తదనం మీదే నొక్కుతూ వచ్చాడు. 2025 మేలో మోర్గాన్ తానే లండన్ సొంత పార్టీతో విభేదిస్తానని ప్రసంగించాల్సి వచ్చింది. జూన్‌లో వేల్స్ రైళ్లకి పదేళ్లలో 44.5 కోట్ల పౌండ్లు ప్రకటించారు. చాలదని ప్లైడ్ అంది. నేనూ అదే అంటాను.

దొడ్డితలుపు లేనిచోట ఏమవుతుందో కూడా చెప్పాలి. 2023 సెప్టెంబర్ 17 నుంచి ఊళ్లలో వేగ పరిమితి గంటకు 20 మైళ్లు చేశారు. అది అచ్చంగా కార్డిఫ్ నిర్ణయం. వద్దని దాదాపు 4 లక్షల 70 వేల మంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు, కన్సర్వేటివ్‌లు సభలో ఊపిరి తీసుకోనివ్వలేదు. ఏడాది తిరక్కుండానే కొన్ని రోడ్లు మళ్లీ 30కి మార్చుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. నాకైతే 20 నచ్చింది, మా వీధిలో పిల్లలు ఎక్కువ.

మీ అమ్మాయికి చెప్పండి, తన వార్డు సంగతులు స్థానిక సభ్యుడికి రాయమని. ఆ ప్రశ్నలు చాలావరకు అలాంటి ఉత్తరాల నుంచే పుడతాయి.

ప్రశ్న: ప్రతిపక్షాలు అన్నీ కలిస్తే అక్కడ ప్రభుత్వం పడిపోదా?
– కరీంనగర్ నుంచి

జవాబు: 2021లో గెలిచింది 60లో లేబర్ 30, కన్సర్వేటివ్ 16, ప్లైడ్ 13, లిబరల్ డెమొక్రాట్ 1. సరిగ్గా సగం. 2024 జూన్‌లో అప్పటి ఫస్ట్ మినిస్టర్ వాన్ గెథింగ్ మీద, ప్రచారానికి తీసుకున్న 2 లక్షల పౌండ్ల విరాళం గొడవలో, అవిశ్వాసం 29–27తో నెగ్గింది. నియమం ప్రకారం ఆయన దిగక్కర్లేదు, దిగలేదు కూడా. జులైలో సొంత మంత్రులు నలుగురు రాజీనామా చేశాక దిగారు. 2025 మార్చిలో బడ్జెట్ 29–28తో గట్టెక్కింది, ఆ ఒక్క లిబరల్ డెమొక్రాట్ సభ్యురాలు తటస్థంగా ఉన్నారు కాబట్టి. ఆమె ఊరికే ఉండలేదు, కొన్ని ఖర్చులు రాయించుకున్నారు. ఒక్క సీటుతో అంత బేరం నేను కూరగాయల దగ్గర కూడా ఆడలేదు.

ప్రశ్న: 2026 జనవరిలో ఎం.ఎస్. చదవడానికి కార్డిఫ్ వస్తున్నాను. ఎన్నికల సందడి చూడొచ్చా?
– గుంటూరు నుంచి

జవాబు: చూడటమే కాదు బాబూ, ఓటు వేయొచ్చు. వేల్స్‌లో చట్టబద్ధంగా నివసించే విదేశీయులకి, పదహారేళ్లు నిండినవాళ్లకి సెనెద్ ఎన్నికల్లో ఓటు ఉంది. పోలింగ్ 2026 మే 7న. ఈసారి సీట్లు 96, పదహారు నియోజకవర్గాలు, ఒక్కోదాని నుంచి ఆరుగురు. మనిషికి కాదు, పార్టీ జాబితాకి ఓటు వేయాలి. ఇల్లు కుదరగానే పేరు నమోదు చేయించుకో. దానికి చివరి తేదీ పోలింగ్‌కంటే చాలా ముందే ఉంటుంది. ఈ ఎన్నికకి పోలింగ్ కేంద్రంలో ఫోటో కార్డు అడగరు, బ్రిటన్ పార్లమెంటు ఎన్నికకైతే అడుగుతారు. మంగళవారం ఖాళీ ఉంటే గ్యాలరీకి రా, ముందు వరసలో ఎడమవైపు ఊదారంగు స్వెటర్ నాదే.