కుందేలు చెవి మీద తారు

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. నేను పాథాలజీ పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మొన్న సెమినార్‌లో, ప్రయోగశాలలో మొదట క్యాన్సర్ పుట్టించింది డెన్మార్క్ శాస్త్రవేత్త ఫిబిగర్ అనీ, అందుకే ఆయనకు నోబెల్ ఇచ్చారనీ చెప్పాను. మా మేడమ్ "యామాగివా పేరు వినలేదా?" అని మాత్రం అడిగి ఊరుకున్నారు. ఆయనెవరు? నోబెల్ విషయంలో ఆయనకు అన్యాయం జరిగిందా?
– ఒక పీజీ విద్యార్థిని

జవాబు: మేడమ్ అంతటితో ఊరుకున్నారంటే మంచివారేనమ్మా. మా రోజుల్లో అయితే నిలబెట్టి ఉతికేవారు.

యామాగివా కత్సుసబురో 1863లో జపాన్‌లోని ఉయెదాలో, ఒక సమురాయ్ ఇంట పుట్టాడు. సబురో అంటేనే మూడో కొడుకు. ఒక వైద్యుడి ఇంటికి దత్తుడిగా వెళ్లి, టోక్యోలో వైద్యం చదివాడు. క్షయకు మందు కనిపెట్టానన్న జర్మన్ శాస్త్రవేత్త కోహ్ మాట సంగతేమిటో తెలుసుకు రమ్మని ప్రభుత్వం జర్మనీ పంపిస్తే, అక్కడ చివరికి పాథాలజీ దిగ్గజం విర్కో దగ్గర చేరాడు. తిరిగొచ్చి టోక్యోలో ప్రొఫెసర్ అయిన కొన్నేళ్లకే, 1899లో, ఆ క్షయే ఆయన్ని పట్టుకుంది. చనిపోయింది 1930లో. అంటే ముప్పై ఏళ్ల పాటు ఆ జబ్బుతోనే కాపురం. 1907లో 'గాన్' అనే పత్రిక పెట్టాడు. జపనీస్‌లో ఆ మాటకు అర్థం క్యాన్సరే. మీరు లైబ్రరీలో చూసే 'క్యాన్సర్ సైన్స్' దాని వారసురాలే.

ఇక తారు సంగతి. పదేపదే ఒరిపిడి తగిలిన చోట క్యాన్సర్ పుడుతుందని విర్కో అనేవాడు. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్లకు మసి వల్ల వృషణాల తిత్తి మీద క్యాన్సర్ వస్తోందని అక్కడి సర్జన్ పెర్సివల్ పాట్ 1775లోనే రాశాడు. అయితే ఆ మసిలాగే బొగ్గు నుంచి వచ్చే తారును ప్రయోగశాలలో జంతువుకు పూసి చూద్దామనుకున్న వాళ్లెవరూ క్యాన్సర్ పుట్టించలేకపోయారు. జంతువును సరిగ్గా ఎంచుకోకపోవడం ఒక కారణం, తొందరగా చేతులెత్తేయడం ఇంకో కారణం.

యామాగివా కుందేలు చెవిని ఎంచుకున్నాడు. నాకైతే ఆయన తెలివంతా అక్కడే కనిపిస్తుంది. చెవి పలచగా ఉంటుంది, లోపలి వైపు బొచ్చు తక్కువ, కుందేలు దాన్ని నాకి తుడుచుకోలేదు. రెండు మూడు రోజులకోసారి తారు పూయడం, రుద్దడం, మళ్లీ పూయడం. నెలల తరబడి ఇదే పని. ముందు వాపు, తర్వాత పులిపిర్లు, ఆ తర్వాత కొన్ని చెవుల మీద అసలు సిసలు క్యాన్సర్. 1915లో ప్రకటించారు. అప్పటికి ఆయనకు 52 ఏళ్లు. హైకూలు రాసే అలవాటుండేది కనుక దీని మీదా ఒకటి రాసుకున్నాడు: క్యాన్సర్ పుట్టింది, గర్వంగా రెండు మూడు అడుగులు వేశానని. క్యాన్సర్ వచ్చిందని సంబరపడే హక్కు లోకంలో ఆ ఒక్క మనిషికే ఉందేమో!

నమ్మని వాళ్లు లేకపోలేదు. అది పులిపిరే, ముదిరిందంతే అన్నారు. అది ఊరికే తీసిపారేయాల్సిన సందేహమూ కాదు. ఈసారి స్క్వామస్ కార్సినోమా, అంటే చర్మం పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్, స్లైడు పెట్టినప్పుడు మీరే చూడండి. ఉల్లిపాయ పొరల్లా కణాలు ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుని, నడిమధ్యన గులాబీ రంగు కెరటిన్ (గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే గట్టి పదార్థం) ముత్యంలా ఉంటుంది. ముత్యం కనబడగానే క్యాన్సర్ అని రాసేసి నేను పరీక్షలో ఒకసారి మునిగాను. చూడాల్సింది ముత్యం కాదు, అడుగున ఉన్న పొర. దాన్ని తెంచుకుని కణాలు కిందికి దిగాయా లేదా అన్నదే లెక్క. కుందేలు చెవిలో దిగాయి. కొన్నింటిలో లింఫ్ గ్రంథులకూ పాకాయి. ఇక వాదించడానికేముంది?

మీరు చెప్పిన ఫిబిగర్ సంగతి. కోపెన్‌హాగన్‌లో ఎలుకలకు బొద్దింకల ద్వారా ఒక పురుగును ఎక్కించి, దానివల్ల కడుపులో క్యాన్సర్ వచ్చిందని ఆయన 1913లో ప్రకటించాడు. అంటే తేదీ లెక్కన మీరు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. తప్పు ఆ పురుగు దగ్గరే ఉంది. ఆ పుండ్లలో విటమిన్ ఎ లోపం పాత్రే ఎక్కువని, క్యాన్సర్ అన్నది నిలబడదని తర్వాతి వాళ్లు తేల్చారు. అలాగని ఆయన్ని దొంగను చేయకండి. డిఫ్తీరియా సీరం మీద ఆయన చేసి 1898లో ప్రకటించిన పరీక్ష ఇవాళ్టికీ పాఠంగా చెప్పదగ్గది. 1926 నోబెల్ అందుకున్నప్పుడు ఉపన్యాసంలో యామాగివా పేరు గౌరవంగానే తలిచాడు. బహుమతిని ఇద్దరికీ పంచుదామన్న మాటా కమిటీలో వచ్చింది, పొసగలేదు.

అన్యాయమా అంటే, అన్యాయమే. కానీ నాకు అంతకంటే గుచ్చుకునేది ఇంకొకటుంది. నెలల తరబడి కుందేళ్లను ఒడిసి పట్టుకుని చెవులకు తారు రాసిన చేయి ఇచికావా కోయిచీది. సపోరో వ్యవసాయ కళాశాల నుంచి వచ్చిన కుర్రవాడు, అప్పటికి 27 ఏళ్లు. క్షయరోగి అయిన ప్రొఫెసర్ ఆ చాకిరీ ఒక్కడే చేయగలిగేవాడా? పరిశోధన పత్రాల మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. యామాగివాకు అన్యాయం జరిగిందని వాపోయే మన వ్యాసాల్లోనే ఇచికావా మాయమైపోతాడు. సెమినార్ సరిదిద్దుకునేటప్పుడు రెండు పేర్లూ చెప్పండి.

ప్రశ్న: తారులో క్యాన్సర్ తెచ్చే పదార్థం ఏదో తేలిందా?
– ఒక కెమిస్ట్రీ లెక్చరర్

జవాబు: తేలిందండీ, లండన్‌లో, 1933లో. తారు మరిగించగా మిగిలే పిచ్‌ను రెండు టన్నులు తీసుకుని విడదీసుకుంటూ, స్ఫటికీకరించుకుంటూ పోయారు. అతినీలలోహిత కాంతిలో అది ఇచ్చే మెరుపే వాళ్లకు దారి చూపింది. చివరికి చేతికి చిక్కిన బెంజోపైరీన్ ఏడు గ్రాములు. పసుపుపచ్చ స్ఫటికాలు. ఎలుకల చర్మానికి పూస్తే క్యాన్సర్ వచ్చింది.