టెక్ సందేహాలు: నా స్క్రీన్ రీడర్ తెలుగు నోట్స్ ఎందుకు చదవదు?

ఈ వారం ఉత్తరాల్లో నాలుగు కాలేజీ చదువుల మీదే వచ్చాయి. చూపు, వినికిడి, చేయి సహకరించక ఇబ్బంది పడేవాళ్లవీ, వాళ్లకు పాఠం చెప్పేవాళ్లవీ. మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది. దాన్ని లెక్చరర్లు కూడా చదివితే బాగుంటుంది.

ప్రశ్న: నాకు చూపు లేదు. బీఏ రెండో సంవత్సరం. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వేసుకున్నాను. ఇంగ్లిష్ బాగానే చదువుతోంది. మా సార్ వాట్సాప్ గ్రూపులో పెట్టే తెలుగు నోట్స్ పీడీఎఫ్ తెరిస్తే ఒకసారి ఏమీ చదవదు, ఇంకోసారి పిచ్చిపిచ్చిగా ఏదో చదువుతుంది. డబ్బు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా? (ఒక విద్యార్థి, నల్గొండ)

కొనకండి. ఎన్‌వీడీఏ ఉచితమని తక్కువగా చూడాల్సిన పనిలేదు. చూపులేని మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో దీన్ని మొదలుపెట్టాడు. వేలకు వేలు పోసి కొన్న స్క్రీన్ రీడర్ కూడా మీ సార్ పంపే ఫైళ్ల ముందు ఇలాగే తెల్లమొహం వేస్తుంది. తిరకాసు ఫైల్‌లోనే ఉంది.

ఒక్క నిమిషం పట్టే పరీక్ష చెబుతాను. పీడీఎఫ్ తెరిచి కంట్రోల్ ఎ, కంట్రోల్ సి కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరిచి కంట్రోల్ వి కొట్టి, బాణం మీటలతో పైకీ కిందికీ కదలండి.

‘బ్లాంక్’ అని వినిపిస్తే అది ఫొటో. సార్ తన నోటుబుక్కునో జెరాక్స్ కాగితాలనో స్కాన్ చేసి పంపారన్నమాట. కంటికి అక్షరాలు కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం అది మచ్చలున్న బొమ్మ. దాన్ని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి. బొమ్మలోని తెలుగును అక్షరాలుగా మార్చి ఇస్తుంది. ఫైల్ 2 ఎంబీ దాటకుండా ముక్కలు చేసుకుంటే మేలు. అచ్చు పుస్తకమైతే చాలావరకు సరిగ్గా వస్తుంది. చేతిరాత మీద ఆశ పెట్టుకోవద్దు.

పిచ్చి అక్షరాలు వస్తే అది అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంటు, అను లాంటిది. అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు అసలు తెలుగే కాదు. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలూ, వాటిమీద టోపీలూ చుక్కలూ పెట్టినట్టుండే గుర్తులూ. వాటికి తెలుగు ముసుగు వేస్తారంతే. మీ ఎన్‌వీడీఏ ముసుగును చూడదు, లోపలున్నదాన్ని ఉన్నదున్నట్టు చదువుతుంది. అను నుంచి యూనికోడ్‌కు (ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే అక్షరాలకు) మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తడబడతాయి. ఇలాంటి ఫైల్‌ని కూడా బొమ్మలుగా మార్చి గూగుల్ డ్రైవ్ దారిలో పంపడమే నయం. పాత ఫాంటులో పంపే తప్పు నేనూ చేశాను. కొన్నేళ్ల కిందట ఒక పాఠకుడు అడిగితే నా పాత వ్యాసాలు ఇలాంటి పీడీఎఫ్‌లోనే పంపాను. ‘సార్, మీ వ్యాసం మొత్తం విన్నాను, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు’ అని జవాబొచ్చింది.

ఇక నోట్‌ప్యాడ్‌లోకి తెలుగు సరిగ్గానే వచ్చినా ఎన్‌వీడీఏ పలకకపోతే, గొంతు ఇంగ్లిష్‌లో ఉందని అర్థం. ఇన్సర్ట్, కంట్రోల్, వి కలిపి నొక్కితే స్పీచ్ సెట్టింగులు వస్తాయి. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్ గొంతుల్లో తెలుగు ఉంది, పెట్టుకోండి. రేడియో చెడిపోయినట్టు ఉంటుంది, ఓ వారానికి అలవాటవుతుంది. ఇంపైన గొంతు కావాలంటే ఫైల్‌ని ఎడ్జ్ బ్రౌజర్‌లో తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కండి. శ్రుతి, మోహన్ అని రెండు తెలుగు గొంతులున్నాయి. నెట్ మాత్రం ఉండాలి.

ఇవన్నీ మీవైపు నుంచి చేసుకునే తంటాలు. అసలు మందు సార్ దగ్గరుంది. ఈ మెసేజ్ ఆయనకు పంపండి: ‘సార్, నోట్స్ పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్‌లో టైప్ చేసిన వర్డ్ ఫైల్ కూడా పెట్టగలరా? నా స్క్రీన్ రీడర్ దాన్నే చదవగలదు.’ వర్డ్ ఫైలే ఎందుకంటే, యూనికోడ్ తెలుగు కూడా పీడీఎఫ్‌గా మారేటప్పుడు ఒత్తులు ఊడిపోవడం మామూలే. అడగడానికి మొహమాటపడకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇది మీకు రావాల్సిన సదుపాయమే.

ప్రశ్న: మా డిగ్రీ క్లాసులో ఒకమ్మాయికి వినికిడి చాలా తక్కువ. ముందు బెంచీలో కూర్చోబెట్టాను. ఫోన్‌లో ఏదైనా యాప్ సాయపడుతుందా? (ఒక లెక్చరర్, కాకినాడ)

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే గూగుల్ వారి లైవ్ ట్రాన్‌స్క్రైబ్ వేయించండి, ఉచితం. మీరు మాట్లాడుతుంటే తెర మీద అక్షరాలు పడుతూ ఉంటాయి. తెలుగు ఉంది, రెండో భాషగా ఇంగ్లిష్ పెట్టుకోవచ్చు. ఫోన్‌ను ఆ అమ్మాయి బెంచీ మీద పెడితే మీ గొంతు కంటే ఫ్యాన్ చప్పుడే ఎక్కువ వింటుంది. మీ కాలర్‌కు చిన్న బ్లూటూత్ మైకు తగిలించి, దాన్ని ఆమె ఫోన్‌కు కలిపి చూడండి. రాసిందాన్ని 3 రోజులు దాచే సెట్టింగ్ ఉంది, ఆన్ చేయమనండి, ఇంటికెళ్లి సరిచూసుకుంటుంది.

మన క్లాసుల్లో సగం తెలుగు, సగం ఇంగ్లిష్ కదా, యాప్ తప్పులు రాస్తుంది. సబ్జెక్టు పదాలను ముందే బోర్డు మీద రాసిపెట్టండి. ఇంకోటి, బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. ఆ అమ్మాయి మీ పెదాలు చూసి కూడా అందుకుంటూ ఉండొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి కుడిచేయి పనిచేయదు. బీకాం. ల్యాబ్‌లో రెండు మూడు మీటలు కలిపి నొక్కాల్సి వస్తే పక్కవాళ్లను పిలుస్తున్నాడట. (ఒక తల్లి, కరీంనగర్)

షిఫ్ట్ మీటను వరసగా అయిదుసార్లు నొక్కమనండమ్మా. స్టికీ కీస్ కావాలా అని అడుగుతుంది, ఎస్ అంటే సరి. అప్పటినుంచి కంట్రోల్ ఒకసారి, సి ఒకసారి విడివిడిగా నొక్కినా కాపీ అయిపోతుంది. పొడుగు జవాబులకు గూగుల్ డాక్స్‌లో వాయిస్ టైపింగ్ ఉంది, తెలుగులో చెప్పినా రాస్తుంది.

ప్రశ్న: సెమిస్టర్ పరీక్షకు స్క్రైబ్ (నేను చెబితే రాసిపెట్టే మనిషి) బదులు నా సొంత ల్యాప్‌టాప్ తీసుకెళ్లొచ్చా? (ఒక విద్యార్థిని, తిరుపతి)

కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన పరీక్షల మార్గదర్శకాల ప్రకారం సొంత ల్యాప్‌టాప్ కుదరదు. కంప్యూటర్ మీద రాయడం మాత్రం కుదురుతుంది. 2025లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి, కాబట్టి ఇప్పటి నిబంధన ఏమిటో అడిగి చూసుకోండి. మీకు అలవాటైన కీబోర్డు, మౌస్ తెచ్చుకోవచ్చని 2018 వాటిలో ఉండేది. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. యూనివర్సిటీ సొంత నిబంధనలు కూడా ఒకసారి కనుక్కుని, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు జతచేసి, పరీక్ష ఫీజు కట్టేటప్పుడే అర్జీ ఇవ్వండి. హాల్ టికెట్ వచ్చాక అడిగితే ‘ఇప్పుడా చెప్పేది’ అంటారు.

పరీక్షకు ముందురోజు ఆ కంప్యూటర్‌ను సరిచూసుకునే వీలు కూడా 2018 మార్గదర్శకాల్లో ఉండేది, అడగండి. వెళ్లేటప్పుడు మీ ఇయర్‌ఫోన్ పట్టుకెళ్లండి. ల్యాబ్ కంప్యూటర్లలో అన్నీ పనిచేసి, ఇయర్‌ఫోన్ పెట్టే జాక్ ఒక్కటే పనిచేయకపోవడం నేను చాలాసార్లు చూశాను.