ఆటలో ఎవరో వదిలి వెళ్ళిన గుర్తు

ప్రశ్న: అన్నా, మాది పర్లాకిమిడి. పీసీలో ఎల్డెన్ రింగ్ మొదలుపెట్టి నెల అయింది. మా వీధిలో సాయంత్రమైతే నెట్ నత్తనడక నడుస్తుంది, గట్టిగా వాన పడితే అసలు ఉండదు. అందుకే ఆఫ్‌లైన్‌లో పెట్టుకుని ఆడుతున్నాను. విశాఖలో ఉండే మా బావ మాత్రం "ఆన్‌లైన్ లేకుండా ఆడితే సగం ఆటే ఆడినట్టు" అంటున్నాడు. ఇలాంటి కష్టమైన ఆటలకి ఆన్‌లైన్ నిజంగా అంత ముఖ్యమా?

జవాబు: మీ బావ మాటలో నిజం ఉంది తమ్ముడూ, కానీ ఆయన అనుకుంటున్న చోట ఉందని నాకు అనిపించదు. ఆన్‌లైన్ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేవి రెండు. ముగ్గురు కలిసి బాస్‌ని, అంటే దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువుని కొట్టడం (కో-ఆప్) ఒకటి, ఎవడో ఎర్రటి ఆకారంలో మన ఆటలోకి చొరబడి మనల్ని చంపడం (ఇన్వేషన్) ఇంకోటి. ఈ రెండూ లేకపోయినా నీ ఆటకి పెద్ద లోటేమీ లేదు. నువ్వు పోగొట్టుకుంటున్నది మిగతా ఆటగాళ్ళు నేల మీద వదిలి వెళ్ళే మెసేజ్‌లనీ, రక్తపు మరకలనీ.

సాలూరు నుంచి కోరాపుట్ వైపు సుంకి ఘాటీ ఎప్పుడైనా ఎక్కావా? మలుపులో లారీ ఆగిపోతే డ్రైవరు ముందుగా చేసే పని, ఒక చెట్టు కొమ్మ విరిచి కాస్త వెనగ్గా రోడ్డు మీద పడేయడం. వెనక వచ్చేది ఎవరో అతనికి తెలీదు, అతనెవరో మనకీ తెలీదు, కానీ ఆ పచ్చి కొమ్మ కనబడగానే మన కాలు బ్రేకు మీదకి వెళ్ళిపోతుంది. ఒక్కోసారి లారీ బాగుపడి వెళ్ళిపోయాక కూడా కొమ్మ అక్కడే పడి ఉంటుంది. ఈ ఆటల్లో మెసేజ్ అంటే అచ్చంగా అదే.

ఇదంతా ఎల్డెన్ రింగ్ చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీయే 2009లో పీఎస్3 (ప్లేస్టేషన్ 3) మీద తెచ్చిన డీమన్స్ సోల్స్‌తో మొదలైంది. ఆ ఆట దర్శకుడు హిదెటాకా మియాజాకి ఒక ఇంటర్వ్యూలో చెప్పిన సంగతి నాకు చాలా ఇష్టం. మంచు పడ్డ కొండదారిలో కార్లన్నీ వరసగా ఇరుక్కుపోతే, వెనక కారు ముందు కారుని నెట్టుకుంటూ అందరూ ఎలాగోలా ఎక్కారట. ఆగి థాంక్స్ చెబుదామంటే మళ్ళీ ఇరుక్కుపోతాడు, కాబట్టి ఆ నెట్టినవాళ్ళెవరో తెలుసుకోకుండానే వెళ్ళిపోవాల్సి వచ్చింది. వరసలో అందరికన్నా చివర ఉన్నవాళ్ళు ఎక్కగలిగారో లేదో అని ఆయనకి ఆ తర్వాత కూడా అనిపిస్తూనే ఉందట. పేరూ ఊరూ లేని సాయం అనే ఆలోచన అక్కడ పుట్టింది.

రక్తపు మరకని ముట్టుకుంటే, అక్కడ చచ్చిపోయిన ఇంకో ఆటగాడి చివరి కొన్ని సెకన్లు నీడలా ఆడతాయి. ఆ కంపెనీదే డార్క్ సోల్స్ ఆటలో సెన్స్ ఫోర్ట్రెస్ అనే కోట ఉంటుంది, సన్నటి వంతెనలకి అడ్డంగా పెద్ద పెద్ద కత్తులు లోలకాల్లా ఊగుతూ ఉంటాయి. అక్కడ నేను పది పన్నెండుసార్లు పడి విసిగిపోయి ఆపేద్దామనుకున్న రాత్రి, ఒక మరకని ముట్టుకుంటే ఎవరో సరిగ్గా నాలాగే తొందరపడి అడుగేసి సరిగ్గా నేను పడ్డ చోటే పడ్డారు. ఎందుకో ఆ క్షణాన గుండె తేలికపడింది, మళ్ళీ కంట్రోలర్ పట్టుకున్నాను. కష్టమైన ఆటలో మనల్ని ఆపేయించేది కష్టం కాదు, ఇది నా ఒక్కడికే చేతకావట్లేదనే భావన. పక్కన నిలబడి కత్తి తిప్పకుండానే దాన్ని పోగొట్టేది ఈ మరకలే.

మెసేజ్‌లయితే ఆటలో ముందే ఇచ్చిన మాటలని అతికించి రాయాలి, సొంతంగా టైప్ చేయడానికి లేదు. అందుకే జపాన్‌లో ఒకడు జపనీస్‌లో పెట్టింది నీకు నీ ఆట భాషలోనే కనబడుతుంది. తెలుగూ ఒడియా కలిపి బేరమాడే మన సంతల్లో పెరిగినవాడివి, దాని విలువ నీకు చెప్పక్కర్లేదు. అది నచ్చి నువ్వు బాగుందని నొక్కితే, రాసినవాడు ఆ సమయానికి ఆడుతూ ఉంటే అతనికి కాస్త ప్రాణం నిండుతుంది. ఎక్కడో ఒకడు బాస్ చేతిలో చావబోతూ నీ మెచ్చుకోలు వల్ల బతకొచ్చు. అబద్ధాలు రాసేవాళ్ళూ ఉంటారు, కొండ అంచున నిలబడి ముందు నిధి ఉందంటారు. రెండుసార్లు దూకి చచ్చాక ఎవరిని నమ్మాలో నీకే తెలుస్తుంది, అదీ ఆటలో భాగమే.

నా మాట మీద అనుమానముంటే ఆ కంపెనీదే ఇంకో ఆట సెకిరో చూడు. 2019లో వచ్చింది, మల్టీప్లేయర్ అన్నదే లేదు, ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ అదే. అంటే కలిసి ఆడటం లేకుండా ఈ తరహా ఆట గొప్పగా ఉండగలదు. కానీ 2020 అక్టోబర్‌లో ఉచితంగా ఇచ్చిన అప్‌డేట్‌లో వాళ్ళు తెచ్చి పెట్టింది కో-ఆప్ కాదు, ఇన్వేషన్ కాదు. మనం ఆడిన ముప్ఫై సెకన్లు రికార్డు చేసి ఇంకొకరి కోసం వదిలి వెళ్ళే సదుపాయం. తయారుచేసినవాళ్ళే ఏది ముఖ్యమనుకున్నారో దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇంకో సంగతి. సర్వర్లు ఎల్లకాలం ఉండవు. పీఎస్3 డీమన్స్ సోల్స్ సర్వర్లని 2018 ఫిబ్రవరి 28న మూసేశారు, అన్నేళ్ళపాటు జనం రాసుకున్న మెసేజ్‌లన్నీ పోయాయి. 2022 జనవరిలో పీసీ డార్క్ సోల్స్ ఆటల ఆన్‌లైన్‌లో, బయటివాడు మన కంప్యూటర్‌లో తన ప్రోగ్రామ్ నడపగలిగేంత పెద్ద లోపం బయటపడితే, వాటినీ నెలల తరబడి ఆపేశారు. మొట్టమొదటి డార్క్ సోల్స్ పాత పీసీ వెర్షన్‌కి ఆన్‌లైన్ మళ్ళీ రానేలేదు. అయినా ఆ ఆటలన్నీ ఇవాళ్టికీ ఒంటరిగా మొదటి నుంచి చివరిదాకా ఆడుకోవచ్చు. అలా నిలబడలేని ఆట కొనొద్దనే నేను ఎవరికైనా చెబుతాను.

ఇక నీ నెట్ సంగతి. మెసేజ్‌లకీ మరకలకీ వేగం అక్కర్లేదు, అవి ఎప్పుడో ఎవరో వదిలినవి, రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. పింగ్, అంటే నెట్ బదులిచ్చే వేగం, బాగుండాల్సింది ఎదురెదురుగా కత్తి దూసినప్పుడే. ఇన్వేషన్ భయం ఉంటే అదీ వదిలేయి, ఎల్డెన్ రింగ్‌లో సాయానికి ఎవరినైనా పిలిచినవాళ్ళ మీదకే చొరబడతారు, ఒంటరిగా ఆడేవాడి జోలికి రారు, నువ్వే టాంటర్స్ టంగ్ అనే ఆటలోని వస్తువు వాడి రమ్మంటే తప్ప. కాబట్టి నెట్ ఉన్న పూట ఆన్‌లైన్‌లో ఉంచు, వాన పూట నెట్‌వర్క్ సెట్టింగ్‌లో ఆఫ్‌లైన్‌కి మార్చుకో. రెండింటిలోనూ నీ సేవ్ ఒకటే.

ప్రశ్న: నమస్కారమండీ, రాయగడ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రిళ్ళు ఈ ఎల్డెన్ రింగ్ ఆట ఆడుతూ, ముక్కూమొహం తెలియనివాళ్ళతో కలిసి ఆడుతున్నానంటాడు. వాళ్ళు ఏం మాట్లాడతారో, ఏం అడుగుతారోనని టెన్షన్‌గా ఉంది. అన్నానికి పిలిస్తే "ఆపడం కుదరదమ్మా" అంటాడు.

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే, కానీ ఈ ఆట విషయంలో కొంత తగ్గించుకోవచ్చు. ఆట లోపల టైప్ చేసే చాట్ లేదు. తెలియనివాళ్ళు దణ్ణం పెట్టడం, చెయ్యి ఊపడం లాంటి సైగలు చేస్తారు, బాస్ చచ్చిపోగానే మాయమైపోతారు. అయితే ఆటతో పాటు వేరే యాప్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడుతున్నాడేమో కనుక్కోండి, అడగాల్సింది అక్కడ. ఈ ఆటకి వయసు గుర్తు యూరప్‌లో 16, అమెరికాలో 17 ఏళ్ళు, రక్తపాతం ఉంటుంది, అదీ మీరు తెలుసుకోవాలి.

ఆపడం కుదరదనడం మాత్రం సాకు కాదండి. ఇంకొకరితో కలిసి ఆడుతున్నప్పుడు పాజ్ ఉండదు, మధ్యలో లేచి వెళితే సాయానికొచ్చిన మనిషి శ్రమ కూడా వృథా. కూర తాలింపు వేస్తున్నప్పుడే ఒక కేక వేసి పది నిమిషాలు టైమివ్వండి. ఆ పది నిమిషాల తర్వాత కూడా రాకపోతే ఆ తప్పు వాడిది.

ప్రశ్న: బరంపురం నుంచి. ఎల్డెన్ రింగ్‌లో మెలీనియా అనే బాస్ దగ్గర మూడు వారాలుగా ఆగిపోయాను. ఎవరినైనా పిలుద్దామంటే, అలా గెలిస్తే గెలుపే కాదని మా హాస్టల్‌లో ఒకటే వాదన. మీరేమంటారు?

జవాబు: పిలువు. ఆట తయారుచేసినవాళ్ళు పిలవడానికి దారి పెట్టారు కాబట్టి అది మోసం కాదు. 2022లో తలకి కుండ తగిలించుకుని, ఒంటి మీద కవచం లేకుండా, రెండు కటానాలతో (జపాన్ కత్తులతో) వచ్చి అడిగినవాళ్ళందరికీ మెలీనియాని ఒంటరిగా చంపిపెట్టిన ఒక ఆటగాడు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. అలా వెయ్యిసార్లు దాటాక ఆట ప్రచురణకర్తలు అతనికి నిజం కత్తే బహుమతిగా పంపారు.

కానీ పిలిచే ముందు ఒకటి గుర్తుపెట్టుకో. మనిషి పెరిగితే బాస్ ప్రాణమూ పెరుగుతుంది, పైగా మెలీనియా తన దెబ్బ ఎవరికి తగిలినా కాస్త కోలుకుంటుంది. డాలు అడ్డం పెట్టినా సరే. పక్కవాడు తెలియక తింటున్న ప్రతి దెబ్బా నువ్వు కష్టపడి తగ్గించిన ప్రాణాన్ని ఆమెకి తిరిగిచ్చేస్తుంది. అందుకే ముందు ఒంటరిగా ఆడి, ఆమె గాల్లోకి లేచి వరసగా కోసే ఆ వాటర్‌ఫౌల్ డాన్స్ నుంచి పదిలో ఐదుసార్లయినా తప్పించుకోగలిగే దాకా ఆగు. ఆ తర్వాత ఇద్దరినీ కాదు, ఒక్కడినే పిలువు. వచ్చినవాడు దెబ్బ తినకుండా తిరుగుతున్నాడా లేదా అన్నది మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.