14 ఏళ్ల ఫాస్ట్ బౌలర్‌కు నడుము నొప్పి: కటి సరిచేయిస్తే తగ్గుతుందా?

కుడిచేత్తో ఫాస్ట్ బౌలింగ్ వేసే మీ 14 ఏళ్ల అబ్బాయికి కొన్ని వారాలుగా నడుము ఎడమ పక్కన నొప్పి ఉందనీ, కటి (నడుము కింది ఎముకల గూడు) ఒరిగిపోయింది కాబట్టి వెన్నును చేత్తో నొక్కి సర్దిస్తే చాలని ఎవరో చెప్పారనీ రాశారు. దయచేసి సర్దించకండి. ముందు బౌలింగ్ ఆపించి, ఆటగాళ్ల గాయాలు చూసే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. మా అమ్మాయికి దాదాపు ఇదే వయసులో, ఇదే చోట వచ్చిన నొప్పి వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే భారంతో ఎముకలో వచ్చే సన్నని పగులు) అని తేలింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కటి కొద్దిగా ముందుకు వంగి ఉండడం, కాళ్ల పొడవులో స్వల్ప తేడా ఉండడం ఏ నొప్పీ లేని పిల్లల్లోనూ మామూలే. పైగా నొప్పికి కండరాలు బిగిసినప్పుడు ఒళ్లు తనంతట తానే ఒక పక్కకు ఒరుగుతుంది. అసలు చూడవలసింది పిల్లవాడు నిలబడినప్పటి వంపును కాదు, బంతి వేసేటప్పుడు తుంటి, భుజాలు ఏ దిశలో తిరుగుతున్నాయన్నది. ముందుకాలు నేలను తాకే క్షణంలో ఒంటి బరువుకు కొన్ని రెట్ల బలం నడుములోకి వస్తుంది; అదే సమయంలో నడుము వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి కూడా తిరుగుతుంది. తుంటి ఒక దిశలో, భుజాలు మరో దిశలో ఉండే మిక్స్‌డ్ యాక్షన్‌లో ఆ మెలి మరీ ఎక్కువ. ఆ భారం బంతి వేసే చేతికి ఎదురు పక్కన, ముఖ్యంగా నాలుగో, ఐదో నడుము పూసల వెనుక ఉండే సన్నని ఎముక మీద పడుతుంది. ఎదిగే వయసులో ఆ ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు.

డాక్టరు మా అమ్మాయిని ఎడమ కాలి మీద నిలబడి వెనక్కి వంగమన్నప్పుడు, తను వెంటనే బొటనవేలితో ఒకే చోట నొక్కి చూపించింది. ఆ పరీక్ష ఒక్కదానితోనే ఏదీ తేలదు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఎముకలో వాపు ఎంఆర్ఐలోనే బయటపడింది. తొలి దశలో ఇది సహజమే కాబట్టి, ఎక్స్‌రే బాగుందన్న మాటతో మీరు ఊరుకోకండి.

ఆ తరువాత కొన్ని నెలలు బౌలింగ్ పూర్తిగా మానిపించి, నొప్పి తగ్గాక ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో పొట్ట, పిరుదులు, తొడ వెనుక కండరాలకు బలం పెంచే వ్యాయామాలు చేయించాము. చిన్న రనప్‌తో, కొద్ది బంతులతో మళ్లీ మొదలుపెట్టింది. పిల్లలకు ఈ నిరీక్షణ చాలా కష్టం. 2011లో 18 ఏళ్లకే టెస్టు ఆడిన ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ పాట్ కమిన్స్, వరుస గాయాల వల్ల, అందులోనూ ముఖ్యంగా వెన్ను గాయాల వల్ల, రెండో టెస్టు 2017లో గానీ ఆడలేదని చెబితే మా అమ్మాయికి కాస్త ధైర్యం వచ్చింది.

స్కూలు జట్టు, అకాడమీ, ఆదివారం మ్యాచ్‌లు అన్నిటిలో వేసిన బంతులను ఒకే పుస్తకంలో రాయించండి. ఒక కోచ్‌కు మరో చోట వేసిన ఓవర్ల సంగతి తెలియదు. ముందుకు వంగినప్పుడు వీపు ఒక పక్క ఎత్తుగా కనిపిస్తే వెన్నెముక పక్కకు వంగిందేమోనని విడిగా చూపించాలి. జ్వరం, రాత్రి నిద్రలేపే నొప్పి, కాలిలో తిమ్మిరి లేదా బలహీనత ఉంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. మూత్ర విసర్జనలో తేడా కనిపిస్తే నేరుగా అత్యవసర విభాగానికే తీసుకువెళ్లండి.