స్పెల్లింగ్ సంగతి తర్వాత, ముందు ప్రశ్న చూడండి

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. 2,000 పదాల ఎస్సే రాయడం అయిపోయింది, సబ్మిట్ చేయడానికి ఇంకా మూడు రోజుల టైముంది. పోయినసారి ఐదారుసార్లు చదివి, తప్పులన్నీ దిద్దాకే పంపాను. అయినా 'వాదన స్పష్టంగా లేదు' అని మార్కులు కోసేశారు. ఇంకేం చూడాలి?

జవాబు: ఐదారుసార్లు చదివానంటున్నారు, కానీ ప్రతిసారీ మీ కన్ను స్పెల్లింగుల మీదే ఉండి ఉంటుంది, చాలామంది చేసేది అదే. రేపు తీసేయాల్సిన పేరాలో ఈ రోజు కామాలు దిద్దుకుంటూ కూర్చోవడం దండగ కదా. అక్షరదోషాలను ఆఖరి రోజుకి వదిలేసి, ముందు ప్రశ్నను మళ్లీ చదవండి. 'సోషల్ మీడియా యువత మానసిక ఆరోగ్యాన్ని ఎంతవరకు దెబ్బతీస్తోంది?' అని అడిగారనుకుందాం. నష్టాలన్నీ ఏకరువు పెట్టి ఊరుకుంటే 'ఎంతవరకు' అన్నదానికి జవాబు రానట్టే. ఎక్కువా, తక్కువా, ఎవరి విషయంలో... ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, ఒక్కో పేరా ఏం చెబుతోందో ఒక్కో లైనులో రాయండి. మీరు చెప్పాలనుకున్నది రాయకూడదు, అక్కడ నిజంగా ఉన్నదే రాయాలి. మూడో పేరాకి 'నిద్ర చెడుతుంది' అని రాసి, ఆరో పేరాకొచ్చేసరికి మళ్లీ అదే రాయాల్సి వస్తే రెండూ కలిపేయండి. లైనులో ఇమడట్లేదంటే అందులో రెండు విషయాలు ఇరుక్కున్నాయని, అసలు లైనే తట్టలేదంటే ఆ పేరా పోయినా నష్టం లేదని. (ఎంత కష్టపడి రాశానో అని ప్రాణం ఉసూరుమంటుంది, అయినా తీసేయండి.) ముగింపు కూడా ఓసారి చూడండి. రాస్తూ ఉండగానే ఆలోచన తేటపడుతుంది కాబట్టి అసలు వాదన చాలాసార్లు చివరి పేరాలో బయటపడుతుంది, మొదటి పేరాలో మాత్రం పైపై మాటలే ఉంటాయి. ఆ వాదనను ముందుకు తెచ్చి పరిచయం తిరగరాయండి. పోయినసారి మీ మార్కులు పోయింది ఇక్కడే అని నా అనుమానం.

రెండో రోజు రెఫరెన్సులు. లోపల పేర్కొన్న ప్రతి రచయితా చివరి జాబితాలో ఉన్నారా, జాబితాలో ఉన్నవాళ్లంతా లోపల కనిపిస్తున్నారా, ఒకే రచనకు ఒకచోట 2018 అని ఇంకోచోట 2019 అని పడిందా, ఇవన్నీ విసుగనుకోకుండా చూసుకోవాలి. టర్నిటిన్ (మీ రాత వేరే రాతలతో ఎంత కలుస్తోందో చూపే సాఫ్ట్‌వేర్) శాతం చూసి టెన్షన్ పడకండి, కొటేషన్లూ రెఫరెన్సుల జాబితా కూడా అందులో కలిసిపోయి ఉండొచ్చు. నాలుగు పదాలు అటూ ఇటూ మార్చి, మూలం చెప్పకుండా వాడుకున్న వాక్యాలతోనే అసలు ప్రమాదం, శాతం తక్కువొచ్చినా అది కాపీయే.

ఇక ఆఖరి రోజు పైకి చదవండి. 'ఫ్రమ్' (from) రాయాల్సిన చోట 'ఫార్మ్' (form) పడితే స్పెల్‌చెక్ పట్టుకోకపోవచ్చు, చెవి పట్టుకుంటుంది. ఫ్రెండుకి చూపిస్తే ఎక్కడ అర్థం కాలేదో చెప్పమనండి చాలు, దిద్దిపెట్టమని మాత్రం అడక్కండి, అది నిబంధనలకు విరుద్ధం కావచ్చు. పదాల లెక్కలో రెఫరెన్సులు కలుస్తాయో లేదో సూచనల్లోనే ఉంటుంది. అప్‌లోడ్ చేశాక అదే ఫైలును డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడండి, పాత డ్రాఫ్టు పంపేసి తర్వాత లబోదిబోమనేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.