పుట్ట మీద మొలిచిందీ, పార్కులో మొలిచిందీ ఒకటేనా?

ప్రశ్న: మా పొలం గట్టు మీది చెదపుట్టల దగ్గర తొలకరి వానలకు పుట్టగొడుగులు వస్తాయి. చిన్నప్పటి నుంచీ తింటున్నాం. విశాఖపట్నంలో ఉంటున్న మా అబ్బాయి, వాళ్ల అపార్ట్‌మెంట్ పచ్చికలోనూ అలాంటివే మొలిచాయని ఫొటో పంపాడు. పసుపు వేసి ఉడికించినప్పుడు రంగు మారకపోతే మంచివేనని మా అమ్మ అంటోంది. తినవచ్చా?
– ఒక రైతు, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: ముందు మీ అబ్బాయికి ఫోన్ చేసి, వాటిని తినొద్దని చెప్పండి. పచ్చిక బయళ్లలో వానల తర్వాత పెద్ద తెల్ల గొడుగులా, పైన గోధుమరంగు పొలుసులతో వచ్చేది చాలాసార్లు క్లోరోఫిల్లమ్ అనే విషజాతి. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. లేతగా ఉన్నప్పుడు దాని గొడుగు కింది రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరాకే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. అందుకే చాలామంది మోసపోతారు.

మీ చెదపుట్ట రకం పేరు టెర్మిటోమైసిస్. దాన్ని పీకకుండా చుట్టూ మట్టి తవ్వి చూడండి. కాడ కిందికి సన్నగా సాగి, పొడవైన వేరులా పుట్ట లోపల చెదలు పెంచుకునే బూజు తోట దాకా పోతుంది. గొడుగు నడినెత్తిన మొనదేలిన బొడిపె ఉంటుంది, గట్టి నేలను చీల్చుకుని వచ్చేది దానితోనే. గుంపులుగా మొలిచే చిన్న రకానికి మాత్రం ఈ వేరు ఉండదు. మీకు అది అలవాటు లేకపోతే వదిలేయండి.

ఇంకో పరీక్ష కూడా చేయవచ్చు. కాడ కోసేసి, విచ్చుకున్న గొడుగును తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. ఉదయానికి సిద్ధబీజాల (పుట్టగొడుగుకు విత్తనాల్లాంటివి) పొడి రాలి ఉంటుంది. పుట్ట రకానిది లేత గులాబీ ఛాయ, క్లోరోఫిల్లమ్‌ది ఆకుపచ్చ. అయితే విషం లేదని తేల్చడానికి ఇదొక్కటే చాలదు.

అడవిలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. చెట్ల వేళ్లతో జతకట్టి బతికే అమనిటా జాతుల్లో కొన్ని ప్రాణాంతకం. వాటి కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉంటుంది. పైపైన తెంపితే అది మట్టిలోనే ఉండిపోతుంది, ఫొటోలోనూ కనపడదు. ఫొటో చూసి తినవచ్చని నేనే కాదు, ఎవరూ చెప్పకూడదు.

అమ్మగారి మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను, పసుపు, వెల్లుల్లి, వెండి చెంచా పరీక్షలేవీ ఈ విషాన్ని పట్టలేవు. పురుగు తిన్నంత మాత్రాన మనకూ మంచిదని కాదు. అమనిటా విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటలకు గానీ, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా గానీ వాంతులు మొదలుకావు. మధ్యలో తగ్గినట్టే ఉండి, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. 2022 ఏప్రిల్‌లో అసోంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎవరైనా పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, మిగిలిన ముక్కను కాగితంలో చుట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

పుట్ట రకాన్ని షెడ్డులో పెంచి అమ్ముకునే దారి లేదు, అది చెదలతోనే బతుకుతుంది. అమ్మకానికైతే మన వేడికి తట్టుకునే పాల పుట్టగొడుగు పెంచండి, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో విత్తనం, శిక్షణ గురించి అడగండి. గట్టు మీది పుట్టల్లో మాత్రం చెదల మందు పోయకండి. పోస్తే ఆ చెదలతో పాటు పుట్టగొడుగులూ పోతాయి. మందు పడిన చోట మొలిచినవి తినకండి.